ఉద్యోగం చేస్తూ నర్సింగ్ డిగ్రీ: దూరవిద్య ఎంతవరకు తోడ్పడుతుంది?

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగం చదివిన తరువాత నర్సు లైసెన్సుకూ నర్సింగ్ డిగ్రీకీ ఉన్న తేడాను మీరు వివరించగలుగుతారు. అమెరికాలో ఉద్యోగం చేస్తున్న నర్సులు ఆన్‌లైన్‌లో బీఎస్సీ ఎలా పూర్తిచేస్తున్నారో, అదే మార్గం మన దేశంలో ఎంతవరకు ఉందో తెలుసుకొంటారు. ఒక నర్సింగ్ కోర్సు ప్రకటన కంటపడితే దానిని నమ్మవచ్చో లేదో మీరే పరిశీలించుకోగలుగుతారు.

ప్రస్తావన

మీలో కొందరు ఇప్పటికే స్టాఫ్ నర్సులుగా పనిచేస్తూ ఉండవచ్చు. మరికొందరి అక్కో, వదినో, భార్యో ఆ ఉద్యోగంలో ఉండవచ్చు. జీఎన్ఎం డిప్లొమా పూర్తిచేసి, నర్సింగ్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించుకొని, పదేళ్లు వార్డులో పనిచేసిన నర్సుకు పై చదువు మాట వచ్చేసరికి ‘మీకు డిగ్రీ లేదు కదా’ అన్న సమాధానం ఎదురవుతుంది. ఉద్యోగం మానేసి కళాశాలలో చేరాలంటే ఇల్లు గడవదు. సరిగ్గా అలాంటప్పుడే ఫోనులో ఒక ప్రకటన కనిపిస్తుంది: ఇంట్లోనే ఉండి నర్సింగ్ డిగ్రీ పొందండి.

ఇంజెక్షన్ ఇవ్వడం, గాయానికి కట్టు కట్టడం, కాన్పు చేయించడం వంటి పనులు ఇంట్లో కూర్చొని నేర్చుకొనేవి కావు కాబట్టి నర్సింగ్‌కు దూరవిద్య పనికిరాదని కొందరు తేల్చివేస్తారు. అమెరికాలో అంతా ఆన్‌లైన్‌లోనే చదువుతున్నారు, మనకెందుకు కాకూడదని మరికొందరు వాదిస్తారు. రెండు వాదనలూ ఒకే విషయాన్ని మరచిపోతున్నాయి. చదివే వ్యక్తి అప్పటికే నర్సా, కాదా అన్నదే అసలు ప్రశ్న.

లైసెన్సు వేరు, డిగ్రీ వేరు

నర్సుగా పనిచేయడానికి చట్టం ఇచ్చే అనుమతిని లైసెన్సు అంటారు. మన దేశంలో దీనిని రిజిస్ట్రేషన్ అంటాం. రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ ఇస్తుంది. డిగ్రీని ఇచ్చేది విశ్వవిద్యాలయం. ‘ఈ వ్యక్తి చేతిలో రోగిని పెట్టవచ్చా?’ అన్న ప్రశ్నకు లైసెన్సు జవాబు. ‘ఈ వ్యక్తి ఈ శాస్త్రాన్ని ఎంత లోతుగా చదివారు?’ అన్న ప్రశ్నకు డిగ్రీ జవాబు. నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్ చదివినవారికి ఈ రెండూ ఒకదాని వెంట ఒకటి వస్తాయి కాబట్టి తేడా పైకి కనిపించదు. డిప్లొమా నర్సు విషయంలో మాత్రం లైసెన్సు ఉంటుంది, డిగ్రీ ఉండదు. దూరవిద్య పూడ్చగలిగినది ఈ రెండో ఖాళీని మాత్రమే.

ఇక్కడ ఒక సందేహం రావచ్చు. జీఎన్ఎం చదివిన నర్సు సార్వత్రిక విశ్వవిద్యాలయంలో బి.ఏ. పూర్తిచేస్తే డిగ్రీ ఉన్నట్లే కదా? పట్టభద్రురాలు అవుతుంది, నిజమే. డిగ్రీ అర్హత మాత్రమే అడిగే పరీక్షలకు అది పనికివస్తుంది. ఎమ్మెస్సీ నర్సింగ్‌లో చేరాలంటే మాత్రం బీఎస్సీ నర్సింగ్ గానీ, పోస్ట్ బేసిక్ బీఎస్సీ నర్సింగ్ గానీ ఉండి తీరాలి. బోధన వైపు వెళ్లాలనుకొనే నర్సులు ఈ తేడాను ముందే గమనించాలి.

అమెరికాలో ఈ మార్గం ఎలా ఏర్పడింది?

రెండో ప్రపంచ యుద్ధం తరువాత అమెరికాలో నర్సుల కొరత తీవ్రంగా ఉండేది. అప్పటికి చాలామంది నర్సులు ఆసుపత్రులు నడిపే మూడేళ్ల డిప్లొమా పాఠశాలల్లో తయారయ్యేవారు. మిల్‌డ్రెడ్ మాంటాగ్ అనే విద్యావేత్త 1951లో కొలంబియా విశ్వవిద్యాలయపు టీచర్స్ కాలేజీకి సమర్పించిన పరిశోధనలో, రెండేళ్ల కళాశాల చదువుతో నర్సులను తయారుచేయవచ్చని ప్రతిపాదించారు. మరుసటి ఏడాదే కొన్ని కళాశాలల్లో ప్రయోగం మొదలైంది. దాని ఫలితమే నేటి అసోసియేట్ డిగ్రీ. ఫీజు తక్కువ ఉండే కమ్యూనిటీ కళాశాలల్లో దొరకడం వల్ల అది సామాన్య కుటుంబాల పిల్లలకు అందివచ్చింది.

అసోసియేట్ డిగ్రీ చదివినా, నాలుగేళ్ల బీఎస్సీ చదివినా రాయవలసిన లైసెన్సు పరీక్ష ఒక్కటే: ఎన్‌క్లెక్స్ ఆర్‌ఎన్. ఉత్తీర్ణులైతే ఇద్దరూ రిజిస్టర్డ్ నర్సులే. అయితే 1965లోనే అమెరికన్ నర్సుల సంఘం వృత్తిలో ప్రవేశానికి బ్యాచిలర్ డిగ్రీ కనీస అర్హతగా ఉండాలని ప్రకటించింది. ఆ ప్రకటన దేశమంతటా చట్టం కాలేదు. దశాబ్దాలు గడిచినా చర్చ తెగలేదు. రెండేళ్ల చదువుతో వచ్చిన లక్షలాది మంది నర్సులను పక్కన పెట్టడం ఏ రాష్ట్రానికీ సాధ్యం కాదు మరి. అందుకే వారిని ఉద్యోగంలో ఉంచుతూనే డిగ్రీ వరకు తీసుకువెళ్లే కోర్సులు పుట్టాయి.

డిగ్రీ వల్ల రోగికి ఏమైనా మేలు జరుగుతుందా?

ఈ ప్రశ్నకు తరచుగా చూపే ఆధారం లిండా ఐకెన్, ఆమె సహచరులు 2003లో అమెరికన్ వైద్య సంఘం పత్రికలో ప్రచురించిన అధ్యయనం. పెన్సిల్వేనియా రాష్ట్రంలోని 168 ఆసుపత్రులలో శస్త్రచికిత్స జరిగిన రోగుల వివరాలను వారు పరిశీలించారు. ఆ ఆసుపత్రులలో డిగ్రీ ఉన్న నర్సుల వాటా సున్నా నుంచి 77 శాతం వరకు ఉంది. ఆ వాటా 10 శాతం పెరిగిన చోట, చేరిన 30 రోజులలోపు రోగి మరణించే అవకాశం సుమారు 5 శాతం తక్కువగా కనిపించింది. ఈ 5 శాతాన్ని సరిగా అర్థం చేసుకోవాలి. నూరుగురు రోగులలో ఐదుగురు అదనంగా బతికారని కాదు. నూరు మరణాలు సంభవించే చోట దాదాపు 95 సంభవించాయని స్థూలంగా చెప్పుకోవచ్చు.

దీనిని బట్టి డిగ్రీ ప్రాణాలు కాపాడుతుందని తీర్పు చెప్పవచ్చా? తొందరపడకూడదు. ఎక్కువమంది డిగ్రీ నర్సులను తీసుకొనే ఆసుపత్రికి ఇతర వసతులు కూడా మెరుగ్గా ఉండవచ్చు. ఆసుపత్రి పరిమాణం, నర్సుల పనిభారం వంటి అంశాలను పరిశోధకులు లెక్కలోకి తీసుకొన్నారు గాని, ఇటువంటి అధ్యయనం సంబంధాన్ని చూపగలదే తప్ప కారణాన్ని రుజువు చేయలేదు. పైగా నర్సు డిగ్రీని మొదటే చదివిందా, ఉద్యోగంలో చేరాక చదివిందా అన్నది ఆ అధ్యయనం విడదీయలేదు. ప్రకటనలలో ఈ జాగ్రత్తలేవీ కనిపించవు. అంకె ఒక్కటే పెద్ద అక్షరాలలో కనిపిస్తుంది.

ఏమైనా, విధాన నిర్ణేతలపై దీని ప్రభావం బలంగా పడింది. 2010లో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ నివేదిక, 2020 నాటికి నర్సులలో 80 శాతం మందికి బ్యాచిలర్ డిగ్రీ ఉండాలని లక్ష్యం పెట్టింది. గడువు నాటికి ఆ లక్ష్యం నెరవేరలేదు. 2017 డిసెంబరులో న్యూయార్క్ రాష్ట్రం, కొత్తగా లైసెన్సు పొందే నర్సులు పదేళ్లలోపు బ్యాచిలర్ డిగ్రీ పూర్తిచేయాలని చట్టం చేసింది. అప్పటికే పనిచేస్తున్నవారికి మినహాయింపు ఇచ్చింది. చట్టం లేని చోట కూడా చాలా ఆసుపత్రులు నియామకాలలో డిగ్రీ ఉన్నవారికి ప్రాధాన్యం ఇస్తున్నాయి.

ఇంటి నుంచి చదివే నర్సు ఏమి నేర్చుకొంటుంది?

పాఠ్యాంశాల పేర్లు చెప్పుకొంటూ పోతే విసుగు పుడుతుంది: పరిశోధన పద్ధతులు, గణాంకశాస్త్రం, సామాజిక ఆరోగ్యం, నాయకత్వం, ఆరోగ్య సమాచార వ్యవస్థలు. వీటి వల్ల వార్డులో ఏమి మారుతుందో ఒక ఉదాహరణతో చూద్దాం.

మంచాన పడిన రోగికి పడకపుండ్లు రాకుండా రెండు గంటలకొకసారి పక్కకు తిప్పాలని ప్రతి నర్సుకూ తెలుసు. డిప్లొమాలో నేర్పారు, హెడ్ నర్సు చెప్పింది, చేతికి అలవాటైంది. డిగ్రీ పాఠం ఇక్కడి నుంచి మొదలవుతుంది. రెండు గంటలే ఎందుకు? అందరికీ అదే వ్యవధి సరిపోతుందా? ఎవరికి ముందుగా పుండు పడే ప్రమాదం ఉంది? ఈ చివరి ప్రశ్నకు బ్రేడెన్ స్కేలు అనే కొలమానం ఉంది. రోగికి నొప్పి, ఒత్తిడి తెలుస్తున్నాయా, చర్మం తడిగా ఉంటోందా, నడవగలరా, మంచంలో తనంతట తాను కదలగలరా, తిండి సరిపోతోందా, దుప్పటికి చర్మం రాసుకొంటోందా అన్న ఆరు అంశాలకు మార్కులు వేస్తారు. మొత్తం 6 నుంచి 23 వరకు ఉంటుంది. 18 గాని అంతకంటె తక్కువ గాని వస్తే ప్రమాదం ఉన్నట్లు పరిగణిస్తారు. అనుభవం ఉన్న నర్సు చూపుతోనే దీనిని పసిగడుతుంది. అయితే ఆమె చూపును తరువాతి షిఫ్టులో వచ్చే కొత్త నర్సుకు అప్పగించడం కష్టం. కాగితం మీది అంకెను అప్పగించవచ్చు.

ఇప్పుడు లెక్క చూద్దాం. ఒక వార్డులో మొదటి నెల 30 మంది చేరారనుకోండి. ముగ్గురికి పుండ్లు వచ్చాయి. అంటే 10 శాతం. రెండో నెల 60 మంది చేరారు. నలుగురికి వచ్చాయి. అంటే 7 శాతం లోపే. వార్డు మెరుగుపడిందని సూపరింటెండెంటుకు నివేదిక పంపవచ్చా? ఆగండి. మొదటి నెల 30 మందిలో మంచం దిగలేనివారు 10 మంది. రెండో నెల 60 మందిలో 8 మందే. మిగిలినవారంతా లేచి తిరిగేవారు, వారికి పడకపుండ్లు వచ్చే ప్రమాదం దాదాపు లేదు. ప్రమాదం ఉన్నవారితో మాత్రమే భాగిస్తే మొదటి నెల 30 శాతం, రెండో నెల 50 శాతం. వార్డు మెరుగుపడలేదు, దిగజారింది. పుండుతోనే ఆసుపత్రికి వచ్చినవారిని కూడా కలిపి లెక్కిస్తే నివేదిక మరో రకంగా తప్పుతుంది. దేనిని దేనితో భాగించాలో తెలియడం గణాంకశాస్త్రంలో మొదటి మెట్టు. రోగి పక్కన నిలబడే మనిషికి అది తెలిస్తే వచ్చే ప్రయోజనం, ఆఫీసులో కూర్చొనేవారికి తెలిసినప్పటికంటె ఎక్కువ.

ఈ లెక్క నేర్చుకోవడానికి తరగతి గది అవసరం లేదు. పుస్తకం, తీరిక, సందేహం తీర్చే అధ్యాపకుడు చాలు. పైగా ఉద్యోగం చేస్తున్న నర్సుకు రెగ్యులర్ విద్యార్థికి లేని ఒక సౌకర్యం ఉంది: ఉదయం చదివినదాన్ని సాయంత్రం డ్యూటీలో పరీక్షించుకోవచ్చు. ఈ విషయంలో దూరవిద్య రాజీ మార్గం కానే కాదని నా అభిప్రాయం.

అంతమాత్రాన ప్రాక్టికల్ పూర్తిగా పోదు. అమెరికాలోని ఆన్‌లైన్ కోర్సులలో కూడా సామాజిక ఆరోగ్యం, నాయకత్వం వంటి అంశాలకు ప్రత్యక్ష అనుభవం అడుగుతారు. నర్సు తాను ఉండే ఊళ్లోని ఆరోగ్య కేంద్రంలోనో, పాఠశాలలోనో, వృద్ధాశ్రమంలోనో ఒక మార్గదర్శకుని పర్యవేక్షణలో ఆ పని చేసి చూపాలి. ‘నూటికి నూరు శాతం ఆన్‌లైన్’ అన్న మాట పాఠాల వరకే నిజం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: ఒక ఆసుపత్రిలో నెలకు 200 మంది రోగులు చేరారు. ఐదుగురు మంచం మీది నుంచి జారిపడ్డారు. పక్క ఆసుపత్రిలో 100 మంది చేరారు, ముగ్గురు పడ్డారు. ఏది సురక్షితమో చెప్పడానికి ఈ అంకెలు సరిపోతాయా? మీకు ఇంకా ఏయే వివరాలు కావాలి? సగటున రోగి ఎన్ని రోజులు ఆసుపత్రిలో ఉంటాడన్నది ఆలోచిస్తూ ఐదు వాక్యాలలో రాయండి.

మన దేశంలో పరిస్థితి

మన దేశంలో నర్సింగ్ విద్య ప్రమాణాలను 1947 నాటి చట్టం కింద ఏర్పడిన భారత నర్సింగ్ కౌన్సిల్ నిర్ణయిస్తూ వచ్చింది. ఆ చట్టం స్థానంలో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టాన్ని పార్లమెంటు 2023లో ఆమోదించింది. డిప్లొమా నర్సు డిగ్రీ పొందే కోర్సును ఇక్కడ పోస్ట్ బేసిక్ బీఎస్సీ నర్సింగ్ అంటారు. కళాశాలలో రెగ్యులర్‌గా చదివితే రెండేళ్లు, దూరవిద్యలో మూడేళ్లు.

దూరవిద్యలో ఈ కోర్సును ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం, అంటే మనం ఇగ్నో అని పిలిచే సంస్థ, 1990ల నుంచి నడుపుతోంది. ఇంటర్మీడియట్ తరువాత జీఎన్ఎం చేసి, రిజిస్ట్రేషన్ పొంది, కనీసం రెండేళ్లు పనిచేసినవారు అర్హులు. పదో తరగతితోనే జీఎన్ఎం చేసిన పాతతరం నర్సులకు ఐదేళ్ల అనుభవం అడుగుతారు. ప్రవేశ పరీక్ష ఉంటుంది. బోధన మాధ్యమం ఆంగ్లం; తెలుగు మాధ్యమంలో చదివి వచ్చినవారికి మొదటి ఏడాది భారమంతా ఇక్కడే ఉంటుంది. ప్రాక్టికల్ తరగతులకు నిర్ణయించిన నర్సింగ్ కళాశాలకు స్వయంగా హాజరు కావాలి. ఆ రోజులకు ఆసుపత్రి సెలవు ఇస్తుందా అన్నది దరఖాస్తుకు ముందే హెడ్ నర్సుతో, నర్సింగ్ సూపరింటెండెంటుతో మాట్లాడి తేల్చుకోవలసిన విషయం.

మరి ఫోనులో కనిపించే మిగిలిన ప్రకటనల సంగతి? విశ్వవిద్యాలయ నిధుల సంఘం, అనగా యూజీసీ, దూరవిద్యలోనూ ఆన్‌లైన్‌లోనూ నడపరాదని నిషేధించిన కోర్సుల జాబితాలో వైద్యం, ఇంజనీరింగుతో పాటు నర్సింగ్ కూడా ఉంది. ఇంటర్మీడియట్ చదివిన విద్యార్థికి ఇంట్లో కూర్చోబెట్టి బీఎస్సీ నర్సింగ్ ఇస్తామనే సంస్థ ఎంత పెద్ద భవనంలో ఉన్నా దాని వైపు చూడనవసరం లేదు. ఆ పట్టాతో ఏ రాష్ట్ర కౌన్సిల్‌లోనూ రిజిస్ట్రేషన్ దొరకదు. ఇగ్నో కోర్సు కొత్తగా నర్సులను తయారుచేసేది కాదు. అప్పటికే నర్సు అయినవారికి చదువు చేర్చేది. మనం మొదట చెప్పుకొన్న తేడా ఇక్కడ నేరుగా పనికివస్తుంది.

మోసం మన దగ్గరే ఉందని అనుకోనవసరం లేదు. 2023 జనవరిలో అమెరికా దర్యాప్తు సంస్థలు ఫ్లోరిడాలోని కొన్ని నర్సింగ్ పాఠశాలల నుంచి 7,600కు పైగా నకిలీ పట్టాలు అమ్ముడయ్యాయని బయటపెట్టి, 25 మందిపై కేసులు పెట్టాయి. ఆ పట్టాలు కొన్నవారిలో చాలామంది లైసెన్సు పరీక్షలో ఉత్తీర్ణులు కూడా అయ్యారు. పరీక్ష ఒక్కటే మనిషిని వడపోయలేదన్నమాట. పర్యవేక్షణలో గడిపిన ప్రాక్టికల్ గంటలకు విలువ అందుకే.

ప్రకటన చూసినప్పుడు కోర్సు పేరు, విశ్వవిద్యాలయం పేరు కాగితం మీద రాసుకొని మీ రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ కార్యాలయంలో ఒక్క ప్రశ్న అడగండి: ఈ డిగ్రీని మీరు అదనపు అర్హతగా నమోదు చేస్తారా? ఏజెంటు చూపే ధ్రువపత్రాల కట్టకంటె ఆ ఒక్క జవాబు నమ్మదగినది.

సమయం ఎక్కడి నుంచి వస్తుంది?

అమెరికా కోర్సులలో ఒక క్రెడిట్‌కు మొత్తం సుమారు 45 గంటల శ్రమ ఉంటుంది. మూడు క్రెడిట్ల కోర్సుకు 135 గంటలు. దానిని 15 వారాలకు పరిస్తే వారానికి 9 గంటలు. 8 వారాలలో ముగించే కోర్సు అయితే వారానికి 17 గంటలు. ‘త్వరగా పూర్తిచేయండి’ అనే ప్రకటన వెనుక ఉన్న లెక్క ఇది. వెస్టర్న్ గవర్నర్స్ విశ్వవిద్యాలయం వంటి చోట్ల ఆరు నెలలకు ఒకే ఫీజు తీసుకొని, ఎన్ని కోర్సులు పూర్తిచేయగలిగితే అన్ని చేయనిస్తారు. అక్కడి ఆసుపత్రులలో 12 గంటల డ్యూటీ వారానికి మూడు రోజులు చేసే నర్సుకు ఇది కుదురుతుంది.

మన నర్సు పరిస్థితి వేరు. వారానికి ఆరు రోజుల పని, నెలలో కొన్ని రాత్రి డ్యూటీలు, సెలవు రోజున వారమంతా పేరుకొన్న ఇంటి పని. ఇగ్నో లెక్కలో ఒక క్రెడిట్ అంటే 30 గంటల అధ్యయనం. నాలుగు క్రెడిట్ల కోర్సుకు 120 గంటలు. ఆరు నెలలకు పరిస్తే వారానికి ఐదు గంటలు చాలు. అటువంటి కోర్సులు రెండు కలిస్తే పది గంటలు అవుతాయి. రాత్రి డ్యూటీ దిగి వచ్చిన ఉదయం గణాంకాల పుస్తకం తెరవకండి, నిద్రపోండి. మధ్యాహ్నం డ్యూటీ ఉన్న వారాలలో ఉదయం రెండు గంటలు గట్టి పాఠానికి కేటాయించండి. అసైన్‌మెంట్లకు మీ వార్డులో జరిగిన విషయాలనే ఎంచుకోండి, కాని రోగి పేరు, గుర్తుపట్టే వివరాలు రాయకండి. కోర్సు పూర్తిచేయడానికి కనీస వ్యవధికి మించి గడువు ఉంటుంది. పిల్లల పరీక్షల ఏడాది ఒక కోర్సు వాయిదా వేస్తే ఓడిపోయినట్లు కాదు.

డిగ్రీ చేతికి వచ్చిన తరువాత

పట్టా రాగానే దానిని బీరువాలో పెట్టకుండా రాష్ట్ర కౌన్సిల్‌లో అదనపు అర్హతగా నమోదు చేయించుకోవాలి. ఎమ్మెస్సీ నర్సింగ్‌కు సాధారణంగా డిగ్రీలో 55 శాతం మార్కులు, ఏడాది అనుభవం అడుగుతారు కాబట్టి ఉత్తీర్ణత మార్కులతో సరిపెట్టుకోకుండా మొదటి ఏడాది నుంచే ఈ అంకెను దృష్టిలో ఉంచుకోండి.

విదేశాలకు వెళ్లాలనుకొనేవారు మరో విషయం గమనించాలి. బీఎస్సీ ఉన్నంతమాత్రాన అమెరికా లైసెన్సు రాదు, ఎన్‌క్లెక్స్ రాయవలసిందే. దానికి హైదరాబాద్‌లో కూడా పరీక్ష కేంద్రం ఉంది. చదువును మదింపు చేసే సంస్థలు ఏ సబ్జెక్టులో ఎన్ని గంటల థియరీ, ఎన్ని గంటల ప్రాక్టికల్ చేశారో విడివిడిగా అడుగుతాయి. పదేళ్ల తరువాత ఆ వివరాల కోసం పాత కళాశాల చుట్టూ తిరిగే నర్సులు ఎందరో ఉన్నారు. అందుకని ప్రాక్టికల్ లాగ్‌బుక్కులో ప్రతి పేజీ మీద పర్యవేక్షకుని సంతకం ఆ రోజే చేయించుకోండి, అప్పగించే ముందు మొత్తం జిరాక్స్ తీయించి దగ్గర పెట్టుకోండి.